సికిల్ సెల్ హిమోగ్లోబిన్‌కీ మామూలు దానికీ బార్‌కోడ్‌లో తేడా కనిపించట్లేదు, ఎక్కడ తప్పు చేశాను?

పానగల్_పిల్లగాడు
అందరికీ నమస్తే. నల్లగొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. అందరూ చేసే ఆకుల కషాయం, బాక్టీరియా ప్లేట్ల ప్రాజెక్టు వద్దనుకుని, మ్యుటేషన్ వస్తే ప్రోటీన్ ఆకారం ఎలా మారుతుందో టోపాలజీతో చూస్తానని మా గైడ్ మేడంకి చెప్పేశా. చెప్పినప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు మూడు వారాలుగా టెన్షన్.

చేసింది ఇదీ. ప్రోటీన్ల ఆకారాలు దాచిపెట్టే పీడీబీ అనే డేటాబేస్ నుంచి రెండు ఫైళ్లు దించుకున్నా. 4హెచ్‌హెచ్‌బీ అంటే మామూలు హిమోగ్లోబిన్, 2హెచ్‌బీఎస్ అంటే సికిల్ సెల్ వాళ్లది. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వచ్చింది, అంతే తేడా. రెండింట్లోంచి ఆల్ఫా కార్బన్లు (ఒక్కో అమైనో ఆమ్లం నడుమ ఉండే ఒక్కో కార్బన్) మాత్రమే తీసి, గుధీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆల్ఫా కాంప్లెక్స్ (ఆ చుక్కలను కలిపి కట్టే ఆకారం) కట్టి, బార్‌కోడ్ గీతలు ఇచ్చే పెర్సిస్టెంట్ హోమాలజీ నడిపించా. సికిల్ దాంట్లో గీతలు సరిగ్గా రెండింతలు వచ్చాయి! రాత్రి పన్నెండింటికి గది అంతా గంతులేశా. పొద్దున మేడంకి చూపిస్తే, ఒక్క అమైనో ఆమ్లం మారితే అణువు రెండింతలు అవుతుందా బాబూ అని అడిగి ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు.

ఇంకో డౌటు. పక్కపక్క ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు అని ప్రతి పుస్తకంలో ఉంది. నాకు మాత్రం దాదాపు అన్ని గీతలూ 3.61 దగ్గర ఆగిపోతున్నాయి. నా లెక్క తప్పా, పుస్తకం తప్పా?

మర్రిగూడ_బావికాడ
తమ్మీ, మ్యుటేషన్ అని చూసి మా రెండెకరాల పాసుబుక్కు ముచ్చటేమో అని ఉరికొచ్చిన. ఇక్కడ హిమోగ్లోబిన్ నడుస్తున్నది. సరే వచ్చిన కాబట్టి కూసుంట.

చిటికి_కొడుకు
3.61 ఈజీ. ఆల్ఫా హెలిక్స్‌లో (ప్రోటీన్ గొలుసు స్ప్రింగులా మెలిక తిరిగే భాగం) ఒక్కో చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు కదా, హిమోగ్లోబిన్ ఎక్కువ భాగం హెలిక్స్‌లే. అదే కనిపిస్తుంది నీకు.

సున్నా_రంధ్రం
కాదండీ. వినడానికి మస్తుగా ఉంది కానీ కాకతాళీయం. చుట్టుకు 3.6 అనేది సంఖ్య, దానికి ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండవు.

పానగల్ బాబూ, ఆల్ఫా కాంప్లెక్స్‌లో గుధీ ఇచ్చేది దూరం కాదు, వ్యాసార్ధపు వర్గం. రెండు పరమాణువుల మధ్య 3.8 ఉంటే, రెంటి చుట్టూ గోళాలు పెంచుకుంటూ పోతే అవి తాకేది ఒక్కోటి 1.9 అయినప్పుడు. 1.9ని 1.9తో గుణించు. 3.61. అదే నీ గీత చివర. రిప్సర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే నేరుగా 3.8 వచ్చేది, అది పూర్తి దూరం తీసుకుంటుంది. నీ అంకె 3.8కి దగ్గరగా ఉండబట్టి ఏదో చిన్న లోపం అనుకున్నావు, అదే 10 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం అయితే నీకు 25 అని వచ్చేది, అప్పుడు వెంటనే తెలిసేది. రెండు సాఫ్ట్‌వేర్ల ఫలితాలు ఒకే పట్టికలో పెట్టేముందు వర్గమూలం తీసి రెండుతో గుణించు. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నా, యూనిట్లు రాయకుండా జవాబు వేసే జబ్బు ఎమ్మెస్సీ దాకా పోయిందన్నమాట.

స్ట్రక్చర్_పిచ్చి
రెండింతల సంగతి నేను చెబుతా. 2హెచ్‌బీఎస్ ఫైల్ తెరిచి గొలుసుల పేర్లు చూడు తమ్ముడూ. ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది ఉంటాయి. స్ఫటికంలో పక్కపక్కనే ఉన్న రెండు హిమోగ్లోబిన్లను కలిపి ఆ ఫైల్లో పెట్టారు. నీ 4హెచ్‌హెచ్‌బీలో ఒకటే అణువు, నాలుగు గొలుసులు. ఆల్ఫా గొలుసు 141, బీటా 146, అవి రెండేసి, మొత్తం 574 ఆల్ఫా కార్బన్లు. అక్కడ 574, ఇక్కడ దానికి రెండింతలు. గీతలు రెండింతలు కాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఆ ఫైల్లో రెండు అణువులు ఎందుకున్నాయో మాత్రం మర్చిపోకు, తర్వాత పనికొస్తుంది.

మర్రిగూడ_బావికాడ
సార్లూ, మీరు మాట్లాడేది తెలుగే కానీ నాకు సగం అందుతలేదు. గీతలంటున్నరు, బార్‌కోడ్ అంటున్నరు. బిస్కెట్ పుడ మీద ఉండేదేనా?

సున్నా_రంధ్రం
చూడటానికి అలాగే ఉంటుంది, అందుకే ఆ పేరు పెట్టారు. చెబుతా, వంటింటితో మొదలుపెడదాం.

టోపాలజీకి పొడవు, వెడల్పు, రుచి ఏవీ పట్టవు. ఎన్ని ముక్కలు, ఎన్ని చిల్లులు, లోపల ఎన్ని డొల్లలు, ఇవే అడుగుతుంది. గారె ఒక ముక్క, ఒక చిల్లు. సర్వపిండి ఒక ముక్క, మీ ఇంట్లో వేలితో ఎన్ని పొడిస్తే అన్ని చిల్లులు. పొంగిన పూరీకి చిల్లు లేదు కానీ లోపల డొల్ల ఉంది. ఈ మూడు లెక్కలనే సున్నా, ఒకటి, రెండు బెట్టీ సంఖ్యలు అంటారు.

ప్రోటీన్ మనకు గారెలా ముద్దగా దొరకదు, చుక్కలుగా దొరుకుతుంది, ఒక్కో పరమాణువు ఒక చుక్క. చుక్కలకు చిల్లులేముంటాయి? అందుకని ఒక్కో చుక్క చుట్టూ గోళాన్ని మెల్లగా పెంచుతారు. మొదట అన్నీ విడివిడి ముక్కలు. పెరిగే కొద్దీ ఒకదానికొకటి అంటుకుంటాయి, మధ్యలో చిల్లులు ఏర్పడతాయి, ఇంకా పెంచితే పూడిపోతాయి. చివరికి అంతా ఒకటే ముద్ద. ఏ చిల్లు ఏ వ్యాసార్ధం దగ్గర పుట్టింది, ఎక్కడ పూడింది అని ఒక గీత గీస్తే, ఆ గీతలన్నీ కలిపి బార్‌కోడ్. ఎక్కువసేపు నిలిచిన చిల్లు నిజమైన ఆకారం అనీ, పుట్టగానే పోయింది ఎక్కువసార్లు లెక్కలోకి రాని అలజడి అనీ అనుకుంటారు. ఎడెల్స్‌బ్రూన్నర్, లెచర్, జోమొరోడియన్ అనే ముగ్గురు 2000లో ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చారు. "అనుకుంటారు" అని ఎందుకన్నానో కింద చెబుతా, ప్రోటీన్లలో పొట్టి గీతలే అసలు సంగతి చెప్పే సందర్భాలున్నాయి.

మర్రిగూడ_బావికాడ
ఇప్పుడు జర అందింది. పూరీ సంగతి బాగుంది.

పానగల్_పిల్లగాడు
3.61 సంగతి, ఎనిమిది గొలుసుల సంగతి రెండూ నిజమే సార్. సరిచేసి మళ్లీ నడిపించా. 2హెచ్‌బీఎస్ నుంచి మొదటి నాలుగు గొలుసులే తీసుకున్నా. ఇప్పుడు సున్నా బెట్టీలో రెంటికీ 574 గీతలే. 570 గీతలు 3.8 దగ్గరే ఆగిపోయాయి, మూడు ఇంకొంచెం ముందుకు పోయాయి (నాలుగు గొలుసులు ఒకదానితో ఒకటి అంటుకునేది అప్పుడే అనుకుంటా), ఒకటి చివరిదాకా ఉంది. చిల్లుల గీతలు కూడా దాదాపు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రెండు ప్లాట్లు పక్కపక్కన పెట్టి మా రూమ్మేట్‌ని ఏది సికిల్ దో చెప్పమంటే, ఒకటే ఫోటో రెండుసార్లు పెట్టావా అన్నాడు.

అంటే ప్రాణం తీసే జబ్బుకు కారణమైన మ్యుటేషన్‌ని ఈ పద్ధతి గుర్తించలేదా? అలాగైతే ఈ ప్రాజెక్టు ఎందుకు?

చిటికి_కొడుకు
3.6 విషయంలో పరువు పోయింది కాబట్టి ఇప్పుడు నాకు నిజంగా తెలిసిన దాని గురించి మాట్లాడతా. మాది పుట్టపాక, ఇప్పుడు హైదరాబాద్‌లో కోడింగ్ చేస్తున్నా కానీ చిన్నప్పుడు నాన్నతో కూర్చుని చిటికి కట్టినోణ్నే. తెలియనివాళ్ల కోసం: మా దగ్గర బట్ట నేశాక రంగు అద్దరు. నూలుని ముందు ఆసు పోసి, డిజైన్ ప్రకారం రబ్బరు ముక్కలతో అక్కడక్కడా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. దారం మీద చూస్తే ఎరుపు, తెలుపు, నలుపు ముక్కలు వరసగా ఉంటాయి, ఏ పువ్వో ఏ ఏనుగో తెలియదు. మగ్గం మీద పడి పోగుల వరస కలిశాకే బొమ్మ లేస్తుంది. మీ ప్రోటీన్ కూడా ఇంతే కదా, దారం మీద వరస, మడత పడ్డాక ఆకారం.

ఇప్పుడు ఒక్క చిటికి తప్పు కట్టాననుకోండి. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా వచ్చింది. నేతలో ఏమైనా మారిందా? పోగులు అన్నీ, వాటి మధ్య సందులు అన్నీ. చిల్లులు లెక్కపెట్టేవాడికి రెండు బట్టలూ ఒకటే. షావుకారికి మాత్రం దూరం నుంచే కనబడుతుంది. తమ్ముడు ఆల్ఫా కార్బన్లు మాత్రమే తీసుకున్నానన్నాడు, అంటే రంగు మొత్తం పీకేసి తెల్ల నూలుతో లెక్క చేసినట్టే కదా? గ్లుటామిక్ ఆమ్లానికీ వాలీన్‌కీ తేడా పక్కకు వేలాడే గొలుసులో ఉంది, ఆల్ఫా కార్బన్ ఇద్దరికీ ఒకే చోట.

స్ట్రక్చర్_పిచ్చి
చిటికి_కొడుకు గారూ, పరువు వడ్డీతో సహా తిరిగొచ్చింది.

అసలు ఇందులో ఓటమి లేదు తమ్ముడూ. "తేడా లేదు" అనేదే సరైన ఫలితం. సికిల్ హిమోగ్లోబిన్ ఒక్క అణువుని విడిగా చూస్తే మామూలు దానిలాగే మడత పడుతుంది, ఆక్సిజన్ పట్టుకుంటుంది, వదులుతుంది. జబ్బు ఒక్క అణువులో లేదు, రెండు అణువుల మధ్య ఉంది. ఆక్సిజన్ వదిలేశాక, బీటా గొలుసు పైతట్టున బయటకు తేలి ఉన్న ఆ ఆరో వాలీన్ పక్క హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఒక చిన్న గుంటలో దూరుతుంది. ఆ గుంటకు గోడలు 85వ ఫినైల్ అలనీన్, 88వ ల్యూసీన్. రెంటికీ నీళ్లంటే పడదు, వాలీన్‌కీ పడదు, ముగ్గురూ కలిసి కూర్చుంటారు. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంటుంది, అది నీళ్లను వదిలి ఆ గుంటలోకి రాదు. అలా ఒకటి ఇంకోదాన్ని, అది మరోదాన్ని పట్టుకుని పొడుగాటి పోగులు తయారవుతాయి, ఆ పోగులే ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచుతాయి. పాలింగ్ బృందం 1949లో దీన్ని అణువుకు వచ్చిన జబ్బు అంది, మారింది ఒక్క అమైనో ఆమ్లమే అని ఇంగ్రామ్ తర్వాత 1950లలో తేల్చాడు.

2హెచ్‌బీఎస్‌లో రెండు అణువులు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా? ఆ పట్టు కనబడాలనే. నువ్వు పొరపాటున సరైన ఫైలు తీసుకున్నావు, తర్వాత సరిచేస్తూ అసలు భాగాన్ని కోసి పారేశావు.

పానగల్_పిల్లగాడు
అయ్యో. సరిచేసుకోమన్నది మీరే కదా అన్నా.

స్ట్రక్చర్_పిచ్చి
నిజమే, అందుకే మర్చిపోకు అని కూడా అన్నా.

ల్యాబ్_అక్క_అచ్చంపేట
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాకు టోపాలజీ తెలియదు కానీ మీరు చెప్పే "రెండు అణువుల మధ్య" అనేదాన్ని నేను కళ్లతో చూస్తుంటా. సికిల్ స్క్రీనింగ్‌లో సాల్యుబిలిటీ టెస్ట్ అని ఉంటుంది. కొంచెం రక్తం, డైథయోనైట్ కలిపిన ద్రావణం. డైథయోనైట్ ఆక్సిజన్‌ని లాగేస్తుంది. ట్యూబు వెనక నల్ల గీతలున్న కాగితం పెట్టి చూస్తాం. మామూలు రక్తమైతే గీతలు స్పష్టంగా కనబడతాయి. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ద్రావణం మసకబారి గీతలు కనిపించవు. జబ్బు లేకుండా ఆ జన్యువుని మోసేవాళ్లకీ జబ్బు ఉన్నవాళ్లకీ ఇద్దరికీ మసకే వస్తుంది కాబట్టి తర్వాత హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్షతో తేలుస్తారు.

అంటే తమ్ముడి బార్‌కోడ్‌లో రాని తేడా నాకు ట్యూబులో వస్తుందన్నమాట. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టినప్పటి నుంచి ఈ పరీక్ష పేరు తండాల్లో, చెంచు పెంటల్లో కూడా వినబడుతోంది. పిల్లలకు వివరించడానికి నాకు ఇంతవరకు మంచి మాట దొరకలేదు, ఇప్పుడు పుట్టపాక అన్న చెప్పిన చిటికి ముచ్చట వాడుకుంటా.

చిటికి_కొడుకు
వాడుకోండి అక్కా, రాయల్టీ అక్కర్లేదు.

మర్రిగూడ_బావికాడ
ఒక డౌటు. మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లతోని ఎముకలు వంగిపోయినవాళ్లు ఊరూరికీ ఉండిరి. అది కూడా మ్యుటేషన్‌తోనే వచ్చిందా? ఇంట్లో తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ ఉంటే అట్లనే అనిపిస్తది కదా.

ల్యాబ్_అక్క_అచ్చంపేట
కాదన్నా. తండ్రీ కొడుకూ ఒకే బోరు నీళ్లు తాగారు, అందుకని ఇద్దరికీ వచ్చింది. ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలో చేరుతుంది, జన్యువు మారదు, ప్రోటీన్ వరస మారదు. నీళ్లు మారిస్తే తర్వాతి పిల్లలకు రాదు. సికిల్ అలా కాదు, ఏ నీళ్లు తాగినా తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ జన్యువు వస్తే వస్తుంది. మా దగ్గర చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు, మీరు అడగడం మంచిదైంది.

స్ట్రక్చర్_పిచ్చి
ఎముకల విషయంలో మ్యుటేషన్ జబ్బు కావాలంటే కొల్లాజెన్ ఉంది. దాని వరసలో ప్రతి మూడోది గ్లైసీన్, మూడు గొలుసులు పెనవేసుకున్నప్పుడు లోపలి వైపు అంతకంటే పెద్దది పట్టదు. ఒక్క గ్లైసీన్ పోయి ఇంకోటి వచ్చినా పెన సరిగ్గా పడదు, పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు వస్తుంది. ఆ మూడు పేటల పెన ఆకారాన్ని మద్రాసులో కూర్చుని 1954లో ప్రతిపాదించింది రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఫ్లోరోసిస్‌కీ దీనికీ సంబంధం లేదు.

సరే, పానగల్ తమ్ముడి పనికి వద్దాం. మూడు మాటలు, వరస చూడకు, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌నీ లేని దాన్నీ ఎప్పుడూ పోల్చకు. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు ఒక ఆల్ఫా, బీటా గొలుసుల జంట ఇంకో జంట మీద దాదాపు 15 డిగ్రీలు తిరుగుతుంది. మామూలుది ఆక్సిజన్‌తో, సికిల్ ది ఆక్సిజన్ లేకుండా తీసుకుని ఉంటే నీకు పెద్ద తేడా వచ్చేది, అది మ్యుటేషన్ వల్ల అనుకుని థీసిస్‌లో రాసేవాడివి. అదృష్టం కొద్దీ నువ్వు తీసుకున్న రెండూ ఆక్సిజన్ లేనివే.

నీ కొలబద్దకు వణుకు ఎంతుందో ముందు తెలియాలి. 2హెచ్‌బీఎస్‌లో ఒకే రకం అణువులు రెండున్నాయి కదా, వాటినే ఒకదానితో ఒకటి పోల్చు. అక్కడ మ్యుటేషన్ తేడా లేదు, ఉన్నది స్ఫటికంలో కూర్చున్న తీరు, కొలత పొరపాటు మాత్రమే. ఆ తేడా కంటే పెద్దది వస్తేనే మ్యుటేషన్ పేరు ఎత్తాలి. ఈ ఒక్క పని చేయకుండా పేపర్లు రాసినవాళ్లను చూశా.

ఇక ఫైల్లో హీమ్ (ఆక్సిజన్‌ని పట్టుకునే ఇనుము ఉన్న భాగం), నీళ్ల అణువులు ఉంటాయి. ఏది ఉంచావో ఏది తీశావో రాసిపెట్టుకో.

సున్నా_రంధ్రం
వణుకు గురించి లెక్కల్లో ఒక సిద్ధాంతమే ఉంది, 2000ల మధ్యలో కోహెన్-స్టైనర్, ఎడెల్స్‌బ్రూన్నర్, హారర్ నిరూపించారు. స్థూలంగా చెబితే, చుక్కలు కొంచెం కదిలితే గీతలూ కొంచెమే కదులుతాయి. ఏ పరమాణువూ 0.3 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే ఎక్కువ జరగలేదనుకో, ఏ రెంటి మధ్య దూరమూ 0.6 కంటే ఎక్కువ మారదు, రిప్సర్ ఇచ్చే గీతల కొసలూ అంతకంటే జరగవు. అందరూ దీన్ని వరం అంటారు, కొలతలో చిన్న పొరపాటుకు ఫలితం తారుమారు కాదు కాబట్టి. నీలాంటి వాడికి ఇదే శాపం కూడా. మ్యుటేషన్ ఆకారాన్ని చిన్నగానే కదిలిస్తే బార్‌కోడ్ చిన్నగానే కదులుతుందని సిద్ధాంతమే హామీ ఇస్తోంది, చిన్న కదలికకు పెద్ద జబ్బు వచ్చినా సరే.

పొట్టి గీతల సంగతి చెబుతానన్నా కదా. చేత్తో చేసుకో, పది నిమిషాల పని. ఆల్ఫా హెలిక్స్‌లో ఆల్ఫా కార్బన్ల మధ్య దూరాలు: పక్కదానికి 3.8, ఒకటి వదిలి దానికి దాదాపు 5.4, రెండు వదిలి దానికి దాదాపు 5. గమనించు, రెండు వదిలినదే ఒకటి వదిలినదాని కంటే దగ్గర, మెలిక తిరగబట్టి. కాబట్టి 5 దగ్గర నాలుగు కార్బన్ల చిన్న చిల్లు పుడుతుంది, 5.4 దగ్గర త్రిభుజాలు వచ్చి పూడుతుంది. ఇరవై అమైనో ఆమ్లాల హెలిక్స్‌కు ఇలాంటివి 17. సకినం గుర్తు తెచ్చుకో, పిండి ఒకటే పోగు, చుట్టూ చుట్టూ తిప్పి వేయించాక వరస వరసకూ అంటుకున్న చోటల్లా మధ్యన సన్నని సందులు పడతాయి, అలాంటివే ఇవి. బతుకు 0.4 ఆంగ్‌స్ట్రామే, పుస్తకం ప్రకారం అలజడి అని ఊడ్చేయాలి. కానీ అవే హెలిక్స్ ఆనవాలు. హెలిక్స్ నడుమ ప్రోలీన్ మ్యుటేషన్ పడి మెలిక విరిగితే ముందు చెదిరేది ఈ పొట్టి గీతలే. పొడుగు గీతలు మాత్రమే ఉంచే కోడు ఎవరైనా ఇస్తే తీసుకోకు.

చిటికి_కొడుకు
మరి రంగు ఎలా కలపాలి? నూలు లెక్క అయింది, రంగు లెక్క కావాలి.

స్ట్రక్చర్_పిచ్చి
మూలకం వారీగా విడదీయడమే. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో గువో-వీ వీ బృందం దీన్ని బాగా వాడింది, 2017లో కాంగ్, వీ కలిసి మ్యుటేషన్ వల్ల ప్రోటీన్ స్థిరత్వం ఎంత తగ్గుతుందో ఊహించడానికి ఇదే పద్ధతి వేశారు. పరమాణువులన్నీ ఒక్కసారి తీసుకోకుండా కార్బన్లు మాత్రమే ఒక బార్‌కోడ్, నైట్రోజన్ ఆక్సిజన్ జత ఇంకో బార్‌కోడ్. కార్బన్లది నీళ్లంటే పడని గుంపుల సంగతి చెబుతుంది, నైట్రోజన్ ఆక్సిజన్‌ది హైడ్రోజన్ బంధాల సంగతి. ఇంకో చక్కటి ఉపాయం ఉంది. మ్యుటేషన్ జరిగిన చోటి పరమాణువులు ఒక వైపు, చుట్టుపక్కలవి ఇంకో వైపు పెట్టి, ఒకే వైపు వాళ్ల మధ్య దూరాన్ని అనంతం అని రాసేస్తారు. అప్పుడు గీతలన్నీ రెండు వైపుల మధ్య పొత్తు గురించే మాట్లాడతాయి.

తమ్ముడూ, నువ్వు చేయాల్సింది అదే. ఒక హిమోగ్లోబిన్ వాలీన్ కార్బన్లు ఒక వైపు, పక్క హిమోగ్లోబిన్ గుంట కార్బన్లు ఇంకో వైపు.

సున్నా_రంధ్రం
ఆ బృందం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 2020లో కోవిడ్ వైరస్ స్పైక్ ప్రోటీన్ మీద ఈ పద్ధతికి మెషిన్ లెర్నింగ్ జోడించి, 452, 501 స్థానాల్లో మ్యుటేషన్లు వస్తే వైరస్ ఇంకా బలంగా అంటుకునే అవకాశం ఉందని వాళ్లు ముందే రాశారు. తర్వాత వచ్చిన వైరస్ రకాల్లో, ఆల్ఫాలో 501, డెల్టాలో 452 మారాయి. చూసి ముచ్చటపడ్డా. కానీ అందులో టోపాలజీ వాటా ఎంత, మెషిన్ లెర్నింగ్ వాటా ఎంత అనేది నాకు ఇప్పటికీ కొరుకుడు పడదు. బార్‌కోడ్‌ని వందల అంకెలుగా చేసి యంత్రానికి తినిపించాక, జవాబు సరిగా వస్తే పొగడ్త ఎవరికి?

స్ట్రక్చర్_పిచ్చి
న్యాయమైన ప్రశ్నే. నేను ఇంకో మెట్టు కిందికి పోతా సార్. ఈ రంగంలో చాలామంది వాడే డేటా ఒకటుంది, 131 ప్రోటీన్లలో 2648 మ్యుటేషన్లు. ఎక్కువ భాగం ప్రోటీన్‌ని బలహీనపరిచేవే. ఏం అడిగినా "బలహీనపడుతుంది" అనే యంత్రానికి కూడా మార్కులు పడతాయి. పైగా ఒకే ప్రోటీన్ మ్యుటేషన్లు కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు పెడితే ప్రశ్నపత్రం ముందే చూపించినట్టే. ప్రోటీన్ వారీగా విడదీయాలి. ఇంకో పరీక్ష సులువైంది: మ్యుటేషన్‌ని వెనక్కి తిప్పు. ల్యూసీన్ నుంచి అలనీన్‌కు పోతే స్థిరత్వం 3 కిలోకేలరీలు తగ్గిందంటే, అలనీన్ నుంచి ల్యూసీన్‌కు వస్తే అంతే పెరగాలి. ఈ చిన్న పరీక్షలో చాలా పద్ధతులు తడబడ్డాయి, టోపాలజీ వాడినవీ వాడనివీ కూడా.

అయినా సార్, లక్షణాలు ఏరే పని టోపాలజీది, తూకం వేసే పని యంత్రానిది. చెత్త లక్షణాలిస్తే ఎంత మంచి యంత్రమైనా ఏం చేస్తుంది?

సున్నా_రంధ్రం
ఒప్పుకుంటా, సగం. మిగతా సగానికి కారణం ఇదీ. దూరాలతో కట్టిన బార్‌కోడ్‌కు కుడి ఎడమ తెలియదు. కుడిచేతి మెలిక హెలిక్స్‌నీ అద్దంలో దాని ప్రతిబింబాన్నీ ఇవ్వండి, దూరాలన్నీ ఒకటే కాబట్టి గీతలూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. ప్రోటీన్లో కుడి ఎడమలు ఎంత ముఖ్యమో, ఏ కోణాలు కుదురుతాయో ఏవి కుదరవో 1963లో రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఒక్క పటంలో గీసి చూపించారు. ఆ పటానికి కనబడేది బార్‌కోడ్‌కు కనబడదు. కాబట్టి తమ్ముడి థీసిస్‌లో రామచంద్రన్ ప్లాట్ కూడా పక్కన ఉండాలని నా పట్టు.

మర్రిగూడ_బావికాడ
టోపాలజీ అంటే ముడుల లెక్క అని ఎక్కడో చదివిన. ప్రోటీన్ల ముడులు పడతాయా?

సున్నా_రంధ్రం
పడతాయి, అది టోపాలజీలో ఇంకో వీధి. రెండు కొసలు పట్టి లాగితే విడిపోకుండా బిగుసుకునే ప్రోటీన్లున్నాయి. మెదడులో ఎక్కువగా ఉండే యూసీహెచ్-ఎల్1 గొలుసు తనను తాను అయిదుసార్లు దాటుతూ ముడి పడి ఉంటుంది. పైన చెప్పిన చిల్లుల లెక్కకు ఆ ముడి కనబడదు, దానికి వేరే లెక్క ఉంది. ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

పానగల్_పిల్లగాడు
నాలుగు రోజులు కనబడలేదు, క్షమించండి. ఇంటర్నల్స్ ఉండె. మధ్యలో చేసింది చెబుతా.

ముందు వణుకు. 2హెచ్‌బీఎస్‌లోని రెండు అణువులను ఒకదానితో ఒకటి పోల్చా. వాటి మధ్య వచ్చిన తేడా, సికిల్‌కీ మామూలు దానికీ మధ్య వచ్చిన తేడా ఒకే స్థాయిలో ఉన్నాయి. అంటే నా మొదటి ప్లాట్‌లో చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు. ఈసారి మేడంకి ఇదే చూపిస్తే కూర్చోమన్నారు, టీ కూడా తెప్పించారు!

తర్వాత వాలీన్, గుంట. కార్బన్లు మాత్రమే, ఒకే వైపు వాళ్ల మధ్య అనంతం. అందులో రెండు అణువులూ కలిసే చోటు గీతల్లో తేలిపోయింది. మామూలు హిమోగ్లోబిన్‌తో పోల్చడానికి అలాంటి జత ఫైలు లేదు కాబట్టి, అదే స్ఫటికంలో ఆ పట్టులో లేని మిగతా బీటా గొలుసుల ఆరో వాలీన్‌ని పక్కన పెట్టా. వాటికి ఎదురుగా ఆ గుంట లేదు, ఆ గీతలూ లేవు.

ఒక్క సందేహం మిగిలింది. సున్నా రంధ్రం సార్ చెప్పిన పూరీ, అంటే డొల్లల లెక్క, ఇందులో ఎక్కడా పనికి రాలేదు. దానికి తగిన మ్యుటేషన్ ఏదైనా ఉందా? థీసిస్‌లో ఒక అధ్యాయం ఖాళీగా ఉంది.

స్ట్రక్చర్_పిచ్చి
ఉంది, నీకోసమే పుట్టినట్టు ఉంటుంది. టీ4 లైసోజైమ్. 164 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్, బ్రయన్ మాథ్యూస్ బృందం దాన్ని వందల రకాలుగా మార్చి చూసింది. 99వ ల్యూసీన్ తీసి చిన్నదైన అలనీన్ పెడితే లోపల దాదాపు 150 ఘన ఆంగ్‌స్ట్రామ్‌ల డొల్ల మిగులుతుంది. చుట్టుపక్కలవి కూలి పూడ్చవు, అలాగే నిలబడతాయి. స్థిరత్వం 5 కిలోకేలరీల దాకా పడిపోతుంది. ప్రోటీన్ మొత్తం బతుకే సాధారణంగా పది కిలోకేలరీల అటూ ఇటూ మీద నడుస్తుంది, అందులో 5 అంటే ఎంతో చూడు. ఆ డొల్లలో బెంజీన్ వచ్చి చక్కగా కూర్చుంటుంది కూడా.

181ఎల్ అనే ఫైలు తీసుకుంటే అందులో బెంజీన్ ఉంటుంది. దాన్ని తీసేయడం మర్చిపోతే డొల్ల నిండిపోయి ఉంటుంది, గీత రాదు, మళ్లీ ఇక్కడికొచ్చి తప్పు ఎక్కడ అని అడుగుతావు. ఈసారి ఆల్ఫా కార్బన్లు కాదు, హైడ్రోజన్లు తప్ప పరమాణువులన్నీ కావాలి. రిప్సర్‌తో చేయకు, అన్ని చుక్కలకు రెండో బెట్టీ అడిగితే ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. ఆల్ఫా కాంప్లెక్స్‌తో చెయ్, నిమిషాల్లో అయిపోతుంది. వర్గమూలం గుర్తుందిగా.

పానగల్_పిల్లగాడు
గుర్తుంది అన్నా, గోడ మీద రాసి పెట్టుకున్నా.

చిటికి_కొడుకు
ఫలితం వస్తే ప్లాట్ ఇక్కడ పెట్టు. నాన్నకు చూపిస్తా, చూసి ఇది ఏ డిజైన్ అని అడుగుతాడు.

పానగల్_పిల్లగాడు
రాత్రి 11:50. మొదటిసారి బెంజీన్ తీయడం మర్చిపోయా, నవ్వకండి. తీసేసి మళ్లీ నడిపించా. మ్యుటేషన్ లేని దాంట్లో రెండో బెట్టీ గీతలన్నీ పొట్టిపొట్టిగా గడ్డిపోచల్లా ఉన్నాయి. 99 మారిన దాంట్లో వాటి మధ్య నుంచి ఒక్క గీత పొడుగ్గా ముందుకు పోయింది. దాని చుట్టూ ఉన్న పరమాణువుల నంబర్లు తీసి చూస్తే 99 అందులో ఉంది.

మర్రిగూడ_బావికాడ
పూరీ పొంగింది తమ్మీ.